పద్నాలుగో సంచి

పద్నాలుగో సంచిలో ఒక్క గుడ్డు కూడా లేదు.

అనాయీ మొదట తన కళ్ళనే తప్పుబట్టింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఎవరి కళ్ళయినా సగమే తెరుచుకుంటాయి, అందులోనూ శనివారం నుంచి మోంటెవిడెయో మీద ముసురు పట్టి వదలడం లేదు. గాజుపళ్ళెంలో మరో చెంచాడు నాచుమట్టి పరిచి, మైక్రోస్కోప్ వెలుతురు పెంచి, మెత్తటి కుంచెతో రేణువు రేణువునీ పక్కకి తోసింది. మామూలుగా అయితే చెంచాకి నాలుగైదు గుడ్లు తగలాలి. ఆవగింజంత గుడ్డు, గాజులా స్వచ్ఛంగా ఉంటుంది. లోపల చుట్ట చుట్టుకుని పడుకున్న పిల్ల, ఆ పిల్లకి రెండు నల్లటి కళ్ళు. ఆ కళ్ళని వెతుక్కోవడమే తొమ్మిది నెలలుగా ఆమె పని. ఇవాళ కుంచెకి తగిలింది మాత్రం నారింజ తొక్క ముక్క.

"దార్విన్, ఒకసారి ఇటు రా."

పక్క బల్ల మీంచి దార్విన్ లేచి వచ్చాడు. ఉత్తరాన ఆర్తిగాస్ వైపు పిల్లాడు. ఆ ఊళ్ళో వీధికి ఇద్దరు దార్విన్‌లు ఉంటారు గానీ, పరిణామ సిద్ధాంతం చెప్పినాయన పేరు పెట్టుకుని జీవశాస్త్రం చదవడానికి వచ్చినందుకు నాలుగేళ్ళుగా అందరి చేతా మాటలు పడుతున్నాడు. అతను మైక్రోస్కోప్‌లోకి చూడనే లేదు. సంచి మూతి తెరిచి ముక్కు పెట్టాడు.

"ఇది మట్టి కాదు. యెర్బా."

"వేళాకోళాలు వద్దు, పొద్దున్నే."

"ఒట్టు. తాగి పారేసిన యెర్బా. కావాలంటే నువ్వే వాసన చూడు. అందులో తొక్క కూడా నాదే."

యెర్బా ఆకు మీద వేణ్ణీళ్ళు పోసుకుని తాగే మాతే టీ బుర్రలో నారింజ తొక్క కూడా వేసుకునేవాడు ఆ అంతస్తు మొత్తం మీద దార్విన్ ఒక్కడే. అనాయీ వాసన చూసింది. చేదూ పులుపూ కలిసిన, రోజుల తరబడి ముగ్గిన ఆకు వాసన. స్టూలు లాక్కుని సంచిని తన వైపు తిప్పుకుంది. సంచి మీద తెల్ల టేపు, టేపు మీద నల్ల సిరాతో తన చేతిరాతే: 14, ఆగస్టు, 212.

ఆగస్టులో పెట్టిన రెండువందల పన్నెండు గుడ్లు అవి. తూర్పున రోచా చిత్తడి నేలల్లో, వానాకాలపు గుంటల్లో బతికే చేపలవి. ఎండలకి గుంట ఎండిపోతే తల్లీతండ్రీ చచ్చిపోతాయి. మట్టిలో ఉన్న గుడ్లు మాత్రం ఎదుగుదల ఎక్కడికక్కడ ఆపేసి, మళ్ళీ వాన పడి గుంట నిండేదాకా పడుకుంటాయి. ఎవరు ముందు లేస్తారు, ఎవరు ఒక వాన పోయినా లేవకుండా ఇంకో వాన కోసం ఆగుతారు, ఆ ఆగేవాళ్ళ లోపల ఏం జరుగుతోంది అన్నది అనాయీ ప్రశ్న. వారం వారం సంచికి పది గుడ్లు తీసి చూసి మళ్ళీ మట్టిలో పెట్టేస్తుంది. పద్నాలుగో సంచి అన్నిటికంటే ఎక్కువ కాలం పడుకున్న సంచి. థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆ సంచిలోనే ఉంది.

ప్రొఫెసర్ ఎల్సిరా వియేరా వచ్చేసరికి అనాయీ మిగతా పదిహేడు సంచులూ తెరిచి చూసింది. అన్నిట్లోనూ మట్టే. ఎల్సిరా సంచిని వెలుతురుకెత్తి పట్టుకుంది, కొంచెం చేతిలో పోసుకుని నలిపింది. ముప్పై ఏళ్ళుగా అదే మట్టిలో చేతులు పెట్టిన మనిషి ఆవిడ.

"నువ్వు చివరిసారి ముట్టుకుంది ఎప్పుడు?"

"గురువారం, ప్రొఫె. సాయంత్రం. వంటగదిలో ఫోటో తీసుకున్నాను, నా వ్యాసానికి. తర్వాత తెచ్చి ఇంక్యుబేటర్‌లో నా చేత్తోనే పెట్టాను. లేబుల్ కూడా నేనే సరిగ్గా నొక్కి అంటించాను."

"నిశ్చయంగా?"

"నిశ్చయంగా."

ఆ మాట అంటున్నప్పుడు అనాయీ గొంతు వణకలేదు. వణకడానికి కారణం లేదు, ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఎల్సిరా కాసేపు ఆలోచించింది. గురువారం సాయంత్రం ఉన్న మట్టి సోమవారం పొద్దునకి యెర్బా అయింది. అంటే ఎవరో సంచిని కింద ఒలకబోశారు. ఒలకబోసిన మట్టి ఊడ్చి పారేసి, ఖాళీ సంచిలో దానిలాగే కనిపించేది నింపి, ఏమీ ఎరగనట్టు అక్కడే పెట్టారు. మన యెర్బా పుల్లలు లేకుండా పొడిలా ఉంటుంది కాబట్టి చూపుకి సరిపోయింది. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ గదిలోకి వెళ్ళేది ఒక్కరే.

"దోన్యా నెల్బాని పిలవండి" అంది ఎల్సిరా.

నెల్బా సిల్వేరా తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. యాభై అయిదేళ్ళుంటాయి, దోన్యా అని అందరూ మర్యాదగా పిలుస్తారు. పొట్టి మనిషి, మోకాలికి పట్టీ. ఆ భవనంలో పంతొమ్మిదేళ్ళుగా నేల తుడుస్తోంది గానీ ఆ సంస్థ మనిషి కాదు, శుభ్రం చేసే కాంట్రాక్టు కంపెనీ మనిషి. అనాయీ పరీక్ష తప్పిన రోజు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఏమైందని అడగకుండా పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పెట్టి వెళ్ళిన మనిషి.

"నెల్బా, శుక్రవారం ఇంక్యుబేటర్ గదిలో ఏమైనా పడిందా? పడితే పడిందని చెప్పండి, ఫరవాలేదు."

"ఏం పళ్ళేదు ప్రొఫెసరమ్మా. ఆ గదిలో నేలకి తడిగుడ్డ వేస్తాను, వచ్చేస్తాను. ఆ పెట్టె తలుపు నేను ముట్టను. పంతొమ్మిదేళ్ళలో ముట్టలేదు."

"మరి ఈ సంచిలోకి యెర్బా ఎలా వచ్చింది?"

"నాకేం తెలుసమ్మా?"

"వంటగదిలో యెర్బా పోగేసే సంచి మీరే కదా రోజూ తీసేది?"

"నేనే."

"తీసి ఎక్కడ పోస్తారు?"

నెల్బా నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. మొహంలో రక్తం దిగిపోవడం అందరికీ కనిపించింది. ఏప్రన్ అంచుని వేలికి చుట్టుకుంటూ చాలాసేపు నేలకేసి చూసింది.

"చెత్తలోనే" అంది చివరికి.

ఆ మౌనమే కొంప ముంచింది. దార్విన్ కిటికీ వైపు తిరిగాడు. అనాయీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఫ్లాస్కు తెచ్చిచ్చిన మనిషి, తల్లీ తల్లీ అని పిలిచే మనిషి, తొమ్మిది నెలల కష్టం నేలపాలు చేసి పైన చెత్త నింపి ఊరుకుందా? తప్పు చేస్తే చేసింది, ఆ అబద్ధమెందుకు? అనాయీ మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నెల్బా చూసింది.

మంగళవారం పొద్దున నేల తుడిచింది ఎవరో కొత్తమ్మాయి. చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా తుడిచి వెళ్ళిపోయింది. వంటగది కొక్కేనికి నెల్బా నీలం కప్పు ఇంకా వేలాడుతూనే ఉంది.

ఎల్సిరా కంపెనీకి ఉత్తరం పంపింది. జరిగింది జరిగినట్టు, ఆవేశం లేకుండా రాసిన ఉత్తరమే. ఒక్క వాక్యంలో మాత్రం "నష్టాన్ని దాచిపెట్టే ఉద్దేశంతో" అన్న మాట ఉంది. ఆ మాట సరిగ్గా ఉందా అని అనాయీని అడిగితే, ఉందనే చెప్పింది.

ఆమెకి ఆ వారం ఇంకో తొందర ఉంది. గుడ్డు నుంచి ప్రాణి ఎలా రూపు కడుతుందో పరిశోధించేవాళ్ళంతా చదివే ఒక వెబ్ పత్రిక ఇంగ్లండ్ నుంచి వస్తుంది. ఏటా అయిదుగురు కుర్ర పరిశోధకుల్ని ఏరి, నెలకో వ్యాసం రాయమంటారు. చేసే సైన్సు గురించి, సైన్సు చేస్తూ బతకడం గురించి. ఈ ఏడాది ఆ అయిదుగురిలో అనాయీ బెంతాంకోర్ ఒకతె. దక్షిణార్ధగోళం నుంచి ఆమె ఒక్కతే. వాళ్ళమ్మ ఆ పేజీని ప్రింటు తీసి రొట్టెల కొట్టువాడికి కూడా చూపించింది.

మొదటి వ్యాసం సరదాగా ఉండాలని సంపాదకురాలు ఫియోనా కోరింది. అనాయీ రాసింది కూడా సరదాగానే. మా దేశంలో ల్యాబులో గుడ్లు దాచే మట్టీ, మేం తాగి పారేసే ఆకూ ఒకేలా ఉంటాయి, ఏది చేపో ఏది టీనో కనుక్కోండి చూద్దాం అని. దానికోసమే గురువారం వంటగది బల్ల మీద ఒకేలాంటి రెండు సంచులు, గుడ్లదీ యెర్బాదీ, పక్కపక్కన పెట్టి, పద్నాలుగో సంచి లేబుల్ ఊడదీసి ఒక ఫోటో తీసింది. తర్వాత లేబుల్ అంటించి జవాబు ఫోటో ఇంకోటి.

మంగళవారం మధ్యాహ్నం ఆ వ్యాసానికి ఒక పేరా కలిపింది. కడుపుమంట చల్లారక కలిపిన పేరా. మా ల్యాబులో ఒక పనిమనిషి ఈ పొడుపుకథని మాకంటే ముందే విప్పింది, చేపల్ని చెత్తలో పోసి టీ ఆకుని ఇంక్యుబేటర్‌లో పొదగేసింది అని. రాస్తున్నప్పుడు తనకే నవ్వొచ్చింది. దార్విన్‌కి చదివి వినిపిస్తే అతను నవ్వలేదు.

"మరీ పనిమనిషి అని... ఆవిడకి పేరుంది కదా" అన్నాడు.

"పేరు రాయలేదు కదా, అదే మర్యాద."

"సరే, నీ ఇష్టం. నువ్వు రచయిత్రివి."

అనాయీ వ్యాసం పంపేసింది. ఫియోనా గంటలో జవాబిచ్చింది. అద్భుతంగా ఉందిట, చివరి పేరా అయితే ఆఫీసులో అందరికీ చదివి వినిపించిందిట.

బుధవారం పదకొండింటికి ఫియోనా నుంచి ఇంకో రెండు వాక్యాలొచ్చాయి. "చిన్న సందేహం. చేపల మట్టిలో ఏ తొక్కా తుక్కూ ఉండదని రాశావు, కానీ జవాబు ఫోటోలో లేబుల్ ఉన్న సంచిలో నారింజ రంగు ముక్క కనిపిస్తోంది, ఫోటోలు తారుమారయ్యాయా?"

అనాయీ ఫోటో తెరిచింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

బల్ల, ఫ్లాస్కు, దార్విన్ బుర్ర, రెండు సంచులు. కుడివైపు సంచి మీద తెల్ల టేపు: 14, ఆగస్టు, 212. టేపు అంచు కింద, ప్లాస్టిక్‌కి అతుక్కుని, గోరంత నారింజ తొక్క. టేపుని ఇంకా నొక్కుతున్న బొటనవేలు కూడా ఫోటోలో పడింది. గోరు మీద సిరా మరక ఉన్న తన బొటనవేలే. పైన టైము, గురువారం సాయంత్రం అయిదూ నలభై.

మొదటి ఫోటో తీశాక ఫోన్ మోగడం, అమ్మతో మాట్లాడుతూ కిటికీ దాకా వెళ్ళడం, తిరిగొచ్చి బల్లకి అటువైపు నిలబడడం, కుడి ఎడమవడం, ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నిశ్చయంగా అంది. నా చేత్తోనే అంది. ఆ చెయ్యే యెర్బా సంచికి లేబుల్ అంటించింది, దాన్నే తీసుకెళ్ళి ఇరవై రెండు డిగ్రీల వెచ్చదనంలో భద్రంగా దాచింది. రెండువందల పన్నెండు ప్రాణాల్ని చెత్త సంచి పెట్టే చోట వదిలేసి ఇంటికి పోయింది. పొద్దున ఆరింటికి నెల్బా వచ్చి, పంతొమ్మిదేళ్ళుగా తీసే సంచినే తీసింది.

"ఏమైంది? అలా పాలిపోయావేంటి?" అన్నాడు దార్విన్.

అనాయీ స్క్రీన్ అతని వైపు తిప్పింది. దార్విన్ చూశాడు. ముందు తొక్కని, తర్వాత వేలిని, తర్వాత ఆమెని.

ఎల్సిరా ఆ ఫోటోని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూసింది. అనాయీ తిట్లకి సిద్ధపడే వచ్చింది, ఆ తిట్లు పడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఇది ఇంకెవరు చూశారు?" అంది ఎల్సిరా మెల్లగా.

"దార్విన్. ఆ ఇంగ్లండ్ ఆవిడ చూసింది కానీ అర్థం కాలేదు."

"ఫోటోలు తారుమారయ్యాయని ఆవిడకి రాసెయ్. ఇంకోటి తీసి పంపు."

"ప్రొఫె, మరి దోన్యా నెల్బా?"

"ఆవిణ్ణి తీసెయ్యలేదుగా. వేరే చోటికి మార్చారు, అంతే. నేను కనుక్కున్నాను." ఎల్సిరా కళ్ళజోడు పెట్టుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చూడు అనాయీ. వచ్చే నెల్లో ప్రాజెక్టు పొడిగింపు. తప్పు బయటివాళ్ళదని నేను సంతకం పెట్టి కాగితం పంపాను. ఇప్పుడు మా విద్యార్థినే చేసింది, మేం అమాయకురాలి మీద రాశాం అని ఇంకో కాగితం పంపితే పొడిగింపు ఆగిపోతుంది, ఇక్కడ ఏడుగురి బతుకులు దాని మీద ఆధారపడి ఉన్నాయి. నీది కూడా."

"కానీ ఆవిడ చెయ్యలేదు కదా."

"చెయ్యలేదు. నాకు బాధగానే ఉంది. ఇది నువ్వు ఎప్పుడైనా రాయి, మంచి వ్యాసమవుతుంది. థీసిస్ అయ్యాక, ఓ అయిదేళ్ళు పోయాక."

అనాయీ దిమ్మెరపోయి బయటికొచ్చింది. ఎల్సిరా చెడ్డ మనిషి కాదు. అందుకే ఆ మాటలు అంత సులువుగా చెవిలో దూరిపోతున్నాయి. మెట్లు దిగేలోపే తన మనసు 'మార్చారు, అంతే' అని రెండుసార్లు అనేసుకుంది. ఆ సంగతి గమనించి ఆమెకి ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రమే ఫియోనాకి రాసింది, పాత వ్యాసం వెయ్యొద్దని. కూర్చుని కొత్త వ్యాసం మొదలెట్టింది. ఈసారి పొడుపుకథలు లేవు. సంచి, టేపు, బొటనవేలు, నిశ్చయంగా అన్న మాట, కొక్కేనికి వేలాడే నీలం కప్పు. పేరు పెట్టి రాసింది, నెల్బా సిల్వేరా అని, పూర్తి పేరు. రాస్తూ రెండుచోట్ల ఏడ్చింది. చదువుకుంటే బాగుందనిపించింది కూడా. ఇంతవరకూ తను రాసిన వాటిలో ఇదే గొప్పది అనిపించింది. పంపేముందు నెల్బాకి చదివి వినిపించాలని స్పానిష్‌లోకి మార్చి ప్రింటు తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం బస్సు సెర్రో కొండ ఎక్కేసరికి వాన జోరందుకుంది. కింద అఖాతం బూడిద రంగులో కలిసిపోయి, ఓడలెక్కడున్నాయో తెలియడం లేదు. నెల్బా ఇల్లు రేకుల కప్పు ఇల్లు, ముందు చిన్న ఇనప గేటు. తలుపు తెరవకముందే కొవ్వులో పిండి వేగుతున్న వాసన వీధిలోకొచ్చింది. వాన పడితే ఆ ఊళ్ళో ప్రతి ఇంటా అదే వాసన.

నెల్బా తలుపు తీసి, ఆమెని చూసి, ఒక్క క్షణం అలాగే నిలబడింది.

"తడిసిపోయావు. లోపలికి రా" అంది.

పొయ్యి మీద మూకుడు, పక్కన కాగితం పరిచిన పళ్ళెంలో మధ్యన చిల్లున్న తోర్తా ఫ్రీతా రొట్టెలు. అనాయీ కోటు విప్పకుండానే, నిలబడే చెప్పేసింది. నేను చేశాను, దోన్యా నెల్బా, నేనే చేశాను అని. నెల్బా వెనక్కి తిరగకుండా రొట్టెని తిరగేసింది. మంట తగ్గించింది.

"ఎలా?"

అనాయీ ఫోన్‌లో ఫోటో చూపించింది. నెల్బా చేతులు తుడుచుకుని, ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూసింది. "ఈ వేలు నీదేనా?" అంది. అవునంది అనాయీ. నెల్బా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను నాకే అనుమానం తెచ్చుకున్నాను తెలుసా? రాత్రిళ్ళు పడుకుని, ఏమో నేనే ఒలకబోసి మర్చిపోయానేమో, మతి పోతోందేమో అని. మా అమ్మకి ఈ వయసులోనే మొదలైంది."

అనాయీ బ్యాగులోంచి కాగితాలు తీసి, మీకోసం ఇది రాశాను, వినండి అంది. చదివింది. నెల్బా తల వంచుకుని, అడ్డురాకుండా, చివరిదాకా వింది.

"బాగా రాశావు తల్లీ" అంది. "నా కప్పు సంగతి కూడా రాశావు. ఇది ఎవరు చదువుతారు?"

"ప్రపంచమంతా. జీవశాస్త్రం వాళ్ళు, వేలమంది."

"రెహినో చదువుతాడా?"

"రెహినో ఎవరు?"

"మా సూపర్‌వైజరు."

అనాయీ తల అడ్డంగా ఊపింది.

"మార్చారన్నారు కదా మిమ్మల్ని, వేరే చోటికి..."

నెల్బా నవ్వింది. అందులో ఎకసెక్కం కూడా లేదు. "పిలిచేదాకా ఇంట్లో ఉండమన్నారు, దాన్నే మార్చడం అంటారు. నా ఫైల్లో కాగితం పడింది, నష్టాన్ని దాచిపెట్టే ఉద్దేశంతో అని. రెహినో చదివి వినిపించాడు. ఆ కాగితం ఉన్నాక ఆసుపత్రీ తీసుకోదు, బడీ తీసుకోదు. నువ్వేమో నా పేరు పెట్టి ఇంగ్లీషులో లోకమంతా చాటుతానంటున్నావు. చాటితే నేనేం చేసుకోను? నీ మనసు తేలికవుతుంది. అవనీ, మంచిదే. నాకేమవుతుంది?"

అనాయీకి చెంప మీద కొట్టినట్టయింది. చేతిలోని కాగితాలు అప్పటిదాకా ఎంత బరువుగా ఉన్నాయో, అంత తేలికైపోయాయి. నెల్బా మాత్రం అప్పటికే లేచింది, గోడకున్న గొడుగు తీసింది.

"సరే, నువ్వు ఒకటి చూపించావు కాబట్టి నేనూ ఒకటి చూపిస్తాను. రా."

పెరట్లో హైడ్రాంజియా మొక్కలు, వాటి పక్కన బట్టలుతికే పాత సిమెంటు తొట్టి. వానకి అంచుదాకా నిండి ఉంది. అడుగున నల్లటి మట్టి పేరుకుని ఉంది.

"యెర్బా తెచ్చి ఇందులో నానబెడతాను. ఆ నీళ్ళు పోస్తే పువ్వులు నీలంగా పూస్తాయి. శుక్రవారం తెచ్చింది ఎంతకీ రంగు దిగలేదు, ఇదేం యెర్బా అనుకున్నాను. నిన్న చూస్తే... ముందు దోమపిల్లలనుకున్నాను. తర్వాత చూస్తే కళ్ళున్నాయి."

అనాయీ తొట్టి మీదకి వంగింది. వాన చినుకుల మధ్య, నీటి పైపొరకి అంగుళం కింద, బియ్యపు గింజంత చేపపిల్లలు. ఒక్కొక్కదానికీ రెండు నల్లటి కళ్ళు. తొమ్మిది నెలలు గుడ్డులోంచి తన వైపు చూసిన కళ్ళే. ఆమె తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలెట్టింది. పదిహేను, ఇరవై, ముప్పై నాలుగు.

"బతికే ఉన్నాయి! దోన్యా నెల్బా, బతికే ఉన్నాయి! అడుగు మట్టిలో లేవనివి కూడా ఉంటాయి, నాకు కావాల్సింది అవే. బకెట్ ఇవ్వండి, నేను ఇప్పుడే తీసుకెళ్తాను, అంతా సరైపోతుంది."

"తీసుకెళ్ళి ఎక్కడ దొరికాయని చెప్తావు?"

అనాయీ తలెత్తింది.

"పనిచేసే చోటి నుంచి గడ్డిపోచ కూడా ఇంటికి తేకూడదు. చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. పిడి విరిగిన చీపురు తెచ్చుకుందని నాతో పనిచేసే రోసారియోని తీసేశారు. ప్రొఫెసరమ్మ ఎక్కడ పోస్తారు అని అడిగినప్పుడు, మా పెరట్లో అని చెబితే ఆ పూటే దొంగనైపోదును. చెత్తలో అన్నాను కాబట్టి మోసగత్తెనయ్యాను. రెండిట్లో ఏది తక్కువో ఆ నిమిషంలో తేల్చుకోవాల్సొచ్చింది."

సోమవారం చూసిన మౌనం అది. తను మొహం తిప్పుకున్న మౌనం.

"సంస్థ పెరట్లో ఎరువుగుంట దగ్గర దొరికాయని చెబుతాను. ఎవరికీ తెలీదు" అంది అనాయీ, చిన్నగా.

"మళ్ళీ లేబుల్ మారుస్తావా?" అంది నెల్బా.

అనాయీ చాలాసేపు ఆ తొట్టిలోకే చూసింది. తన మూడో అధ్యాయం అక్కడ అటూ ఇటూ తిరుగుతోంది. తర్వాత లేచి లోపలికెళ్ళి, వంటింటి బల్ల ముందు కూర్చుని, వ్యాసం కాగితాల్లో ఒకదాన్ని తిరగేసి పెన్ను తీసింది.

నెల్బా ఎదురుగా కూర్చుని చెప్పి రాయించింది. అందమైన మాట రాస్తే కొట్టేయించింది. "తీరని పశ్చాత్తాపంతో" అన్నది పోయింది. "ఇది రెహినో చదవాలి, వాడికి పొడుగు వాక్యాలు పడవు" అంది. చివరికి మిగిలింది ఇంతే: 'పద్నాలుగో సంచిని గురువారం సాయంత్రం వంటగదిలో వదిలేసింది నేను. దాని లేబుల్‌ని పొరపాటున యెర్బా సంచికి అంటించి ఇంక్యుబేటర్‌లో పెట్టింది నేను. అసలు సంచి యెర్బాతో పాటు పోయింది. నెల్బా సిల్వేరా ఏదీ పాడుచెయ్యలేదు, ఏదీ దాచలేదు. ఫోటో జతచేశాను.'

"పోయింది అంటే ఎక్కడికని అడగరా?" అంది అనాయీ.

"యెర్బా ఎక్కడికి పోతుందో పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారే అడిగారు, అదీ నన్ను పట్టుకోవడానికి. ఇంక అడగరు. కింద నీ గుర్తింపు కార్డు నంబరు రాయి. నంబరు లేకపోతే కాగితం కాగితం కాదు."

రాసింది. నెల్బా రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఒక రొట్టె మీద పంచదార చల్లి ఆమె ముందుకి తోసింది. చల్లారిపోయింది, అయినా అనాయీ మొత్తం తినేసింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి సంస్థ కింది అంతస్తులో కాగితాలు తీసుకునే కిటికీ తెరిచారు. అక్కడ ఎవరైనా ఏ కాగితమైనా ఇవ్వొచ్చు, తీసుకోం అనడానికి వీల్లేదు. అనాయీ శుభ్రంగా తిరగరాసిన ఉత్తరాన్ని లోపలికి తోసింది, ఒక ప్రతి కంపెనీకి పంపాలని పైన రాసి. కిటికీ వెనకాల పెద్దాయన చదివాడు, కళ్ళజోడు మీంచి ఆమెని చూశాడు.

"మీ ప్రొఫెసర్‌కి తెలుసా, అమ్మాయ్?"

"ఇప్పుడు వెళ్ళి చెబుతాను."

ఆయన భుజాలెగరేసి ముద్ర కొట్టాడు. తేదీ, దాని కింద ఫైలు నంబరు. ఆ పేజీని అనాయీ ఫోటో తీసి నెల్బాకి పంపింది.

ఎల్సిరా ఆమె చెప్పిందంతా వింది. అరవలేదు. "మూడో అధ్యాయం లేకుండా ఏం చేస్తావు?" అని మాత్రం అడిగింది.

"ఆగస్టులో మళ్ళీ పెడతాను, ప్రొఫె. మొదటినుంచి."

"అప్పటికి ప్రాజెక్టు ఉంటే" అంది ఎల్సిరా, కంప్యూటర్ వైపు తిరిగిపోతూ. ఆవిడ ఇంక ఆమె వైపు చూడలేదు. ఆ చూడకపోవడం ఎలా ఉంటుందో అనాయీకి మొదటిసారి తెలిసింది.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. అనాయీ వంటగదిలో నిలబడి నీలం కప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది.

"రెహినో చదివాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. మీ దగ్గరికి కాదులే, ఓడరేవు ఆఫీసుకి. ఫైల్లోంచి ఆ కాగితం తీసేయిస్తానన్నాడు, తీసేదాకా రోజూ అడుగుతాను." నెల్బా ఒక్క క్షణం ఆగింది. "అది సరే గానీ, ఇవి ఏం తింటాయి?"

"ఏవి?"

"నీ పిల్లలే. ఇవాళ నలభై ఒకటి లెక్కపెట్టాను."

అనాయీ కప్పు పక్కన పెట్టింది. "ఇప్పటికి ఆ నీళ్ళలో ఉన్నవి చాలు. రెండు వారాలు పోయాక దోమపిల్లలు వెయ్యండి. కుళాయి నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, మందు కలుపుతారు."

"ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"తొట్టి ఎండిపోయేదాకా. డిసెంబరు ఎండలకి తొట్టి ఎండనివ్వండి, ఆపొద్దు. అప్పటికి గుడ్లు పెట్టేస్తాయి. అడుగున ఉన్న ఆ మట్టి పారెయ్యకండి దోన్యా నెల్బా. చూడ్డానికి యెర్బాలా ఉంటుంది, ఎవరైనా..."

"తెలుసులే తల్లీ" అంది నెల్బా. "ఈసారి లేబుల్ నేనంటిస్తాను."